మెక్సికో కుటుంబ చిత్రములలో దేవుడును, గృహయజమానియు

మెక్సికో దేశమున 1940 ప్రాంతమునుండి కొన్నియేండ్లపాటు వెలువడిన కుటుంబ చిత్రములను కొన్నింటిని ఈ నడుమ మేము వరుసగా చూచితిమి. ఆ దేశపు చలనచిత్ర చరిత్రకారులు ఆ కాలమును స్వర్ణయుగమని పిలుతురు. స్పానిషు భాష మాకు రాదు. తెర యడుగున కనబడు ఆంగ్ల వాక్యముల యాసరాతోనే కథను గ్రహించితిమి. ఐనను తల్లి కంట నీరు నిండుటకును, తండ్రి కంఠము హెచ్చుటకును అనువాద మక్కఱలేదు. మొదటిరాత్రి చూచిన చిత్రము ముగియునప్పటికి మా యింట కన్నులు తుడుచుకొననివారు లేరు. మేమును తుడుచుకొంటిమి. దీపము వెలిగించిన పిమ్మట పదునాఱేండ్ల మా కుమార్తె మమ్మొక ప్రశ్న యడిగినది: "నాన్నగారూ, తప్పు చేసినవాడొకడు, ఇల్లు వెళ్లగొట్టినవాడొకడు. ఏడ్చి దేవుణ్ణి వేడుకోవలసింది మాత్రం అమ్మేనా?"

ఆ ప్రశ్నకు మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి. ఏడ్చినవారము గనుక చిత్రము మంచిదే యనుకొంటిమి. ఏల యేడ్చితిమో విచారింపలేదు. ఆ విచారణయే యీ వ్యాసము.

ఈ చిత్రములలోని యిండ్లను మాత్రమే చూచినవాడు మెక్సికోలో మతమే రాజ్యమేలుచుండెనని తలపవచ్చును. నిజము దీనికి విపరీతము. 1914లో అచట విడాకులకు శాసనము పుట్టెను. 1917 నాటి రాజ్యాంగము విద్యను మతమునుండి వేఱుచేసి, చర్చికి న్యాయస్థానముల దృష్టిలో వ్యక్తిత్వమే లేకుండ జేసెను. 1926లో ప్రభుత్వము ఆ నిబంధనలను కఠినముగా అమలుజరుప బూనగా పల్లెజనులు క్రీస్తురాజు పేర ఆయుధములు పట్టిరి. క్రిస్తేరో యుద్ధమనబడు నా పోరు 1929 వఱకు సాగి వేలకు వేల ప్రాణములను బలిగొనెను. 1940లో అధ్యక్షపదవికి ఎన్నికైన మాన్యుయేల్ ఆవిలా కమాచో తాను విశ్వాసినని బహిరంగముగా చెప్పుటతో ఆ వైరము చల్లబడినట్లు లోకమునకు తెలిసెను. చర్చికి చట్టరీత్యా గుర్తింపు మరల లభించుటకు 1992 వఱకు వేచియుండవలసి వచ్చెను.

మేము చూచిన కుటుంబ చిత్రములలో ఈ రక్తపాతపు జాడయే లేదు. వీథిలోని తగవు వీథిలోనే నిలిచిపోయి, మతము ఇంటిలోనికి వచ్చి కూర్చున్నది. శాసనము విడాకులనిచ్చినను తెరమీది యిల్లాలు వానిని కోరదు. పాఠశాలలో మతబోధ మానినను తెరమీది తల్లి జపమాల మానదు. రాజ్యము విడిచిన దేవునికి గృహము ఆశ్రయమిచ్చినది. అందు తప్పు లేదు. మతము గృహధర్మమగుట మంచిదే కావచ్చును. గాని ఆ గృహమున దేవుడెవరి పక్షమున నుండెనని యడుగుట విమర్శకుని విధి.

ఈ ప్రశ్నను మేము వెలుపలినుండి తెచ్చి ఆ ప్రజలపై మోపుటలేదు. వారి విశ్వాసములోనే దీనికి మూలము కలదు. మెక్సికో ప్రజల కులదైవము వంటిది గ్వాదలూపే కన్యమాత. 1531లో తెపెయాక్ కొండమీద ఆమె హువాన్ దియేగో అను ఆదివాసికి దర్శనమిచ్చి, అతని భాషలోనే మాటలాడెనని సంప్రదాయము. ఆమె మొదట బిషప్పునకు కనబడలేదు. అతనియొద్దకు ఆ సామాన్యుని దూతగా పంపెను. ఆ సామాన్యుని మాట బిషప్పు నమ్మడాయెను. తుదకు అతని యంగవస్త్రము మీద ఆమె రూపము అచ్చుపడి సాక్ష్యము పలికెనట. 1810లో స్పెయిను ప్రభుత్వముపై తిరుగుబాటు లేవదీసిన పురోహితుడు మిగ్వెల్ ఇదాల్గో ఆమె పటమునే పతాకముగా నెత్తెను. కావున ఆ విశ్వాసము పెద్దలయెదుట పిన్నలకు నోరిచ్చిన విశ్వాసము. ఏ గోడమీదనైనను ఆమె పటము వ్రేలాడుచుండ, ఆ పటము క్రింద పిన్నవారి నోరు మూయబడుచున్నచో, అచట లోపించినది భక్తి కాదు, భక్తిలోని సత్యము.

ఇక ఆ పటము క్రింద కూర్చున్న తల్లిని గూర్చి రెండు మాటలు. మెక్సికోలో మే 10వ తేదీన జరుగు మాతృదినము అనాదిసిద్ధమైన పండుగ కాదు. దానిని 1922లో ఎక్సెల్సియోర్ అను దినపత్రిక ప్రారంభించినది, విద్యామంత్రి హోసే వాస్కోన్సెలోస్ దానిని సమర్థించెను, చర్చియు మెచ్చెను. ఆ దినములలో యూకతాన్ రాష్ట్రమున స్త్రీలు సభలు చేసి తమ హక్కులను గూర్చి తర్కించుచుండిరి. సంతాన నియంత్రణమును గూర్చిన చిన్నపుస్తకమొకటి అచట వెలువడి గొప్ప కలవరము పుట్టించెను. హక్కు లడుగు స్త్రీకి బదులుగా పూజలందుకొను తల్లిని నిలుపుట ఆ పండుగ పుట్టుకలోనే యున్నది. దేశపు ఎన్నికలలో ఓటు హక్కు ఆ తల్లులకు లభించినది 1953లో; అనగా పూజకు పిదప ముప్పదియొక యేండ్లకు.

ఈ పూజనీయమాతకు వెండితెరమీద రూపమిచ్చిన నటి సారా గార్సియా. 1895లో ఓరిసాబా పట్టణమున జన్మించిన యీమె నడివయస్సు దాటకముందే ముసలి తల్లుల పాత్రలకు ప్రసిద్ధి కెక్కినది. ఆ పాత్రల కొఱకు పండ్లూడదీయించుకొన్నదన్న మాట ఆ దేశమున నందఱును చెప్పుకొందురు. జనులామెను దేశమునకెల్ల అవ్వయని పిలిచిరి. చాకొలెట్టు పొట్లములమీద ఆమె ముఖము అచ్చువేయబడినది. ఇంతటి ప్రేమను సంపాదించిన నటిని తక్కువచేయుట మా తలంపు కాదు. ఆమె మౌనముగా నొక గుమ్మమున నిలిచినప్పుడు తెరమీద మఱెవరును కనబడరు. మా విమర్శ ఆ మౌనమును వాడుకొన్న కథలను గూర్చి.

మమ్మేడ్పించిన ఆ మొదటి చిత్రము 1941లో హువాన్ బుస్తీయో ఓరో తీసిన 'క్వాందో లోస్ ఈహోస్ సే వాన్'. 'బిడ్డలు వెడలిపోవునపుడు' అని దాని యర్థము. తండ్రి పాత్రను ఫెర్నాండో సోలేర్, తల్లి పాత్రను సారా గార్సియా ధరించిరి. తల్లి పేరు గ్వాదలూపే. ఇంటివారి పిలుపులో లుపీత. పటములోని దేవి పేరే యిల్లాలి పేరు. క్రిస్మసు పండుగనాడు నిండుగానుండిన యిల్లు, బిడ్డలు పెద్దవారైన కొలది విరిసిపోవును. ఒక కుమారుడు చేసిన తప్పు మఱియొక కుమారుడగు రైముందోపై పడును. తండ్రి విచారింపక తీర్పు చెప్పి వానిని వెడలగొట్టును. తల్లి మాత్రము వాడు నిర్దోషియని నమ్మును. ఆ నమ్మకమునకు ఆధారము లేదు, సాక్ష్యము లేదు, ప్రార్థన కలదు. రైముందో రేడియోలో పాడువాడై పేరు గాంచును, తనను వెడలగొట్టిన యింటిని అప్పులవారినుండి తానే కాపాడును, కడకు మరణించును. ఇల్లు దక్కెను, బిడ్డ దక్కలేదు.

ఈ కథలో తల్లి విశ్వాసము గెలిచినదని సామాన్యముగా చెప్పుదురు. ఒకరీతిగా అది నిజమే. తండ్రి న్యాయమునకంటె తల్లి నమ్మకమే సత్యమునకు దగ్గఱగా నుండెనని చిత్రము స్పష్టముగా చూపినది. కాని ఆ గెలుపువలన ఇంటి ధర్మములో నేమి మాఱినది? తీర్పు చెప్పు అధికారము తండ్రిదే; ఆ తీర్పుయొక్క ఫలము ననుభవించు భారము తల్లిది. తాను సరియని యెఱిగియు ఆమె తీర్పును కొట్టివేయలేదు. కొట్టివేయవలెనని చిత్రమును కోరదు. ఆమె కోరదగినది దేవునినట. తండ్రి చేసిన యన్యాయము ఈ విధముగా దేవుడు పెట్టిన పరీక్షగా మాఱిపోవును. మా కుమార్తె ప్రశ్న తగిలిన చోటిదియే.

మన యలంకారికులు కరుణరసమునకు శోకము స్థాయిభావమనిరి. శోకమును కలిగించు కారణములను విభావములనిరి. కారణమొకటి చూపి, ప్రేక్షకుని మనస్సున మఱియొక కారణమును నాటుట అనౌచిత్యము. భవభూతి కరుణమునకు పెట్టినది పేరు. అతని ఉత్తరరామచరితమున సీతా పరిత్యాగము వలన కలిగిన దుఃఖమునకు మేర లేదు. ఐనను ఆ కవి దుఃఖకారణమును విధిపై నెట్టి ఊరకుండలేదు. మూడవ యంకమున వాసంతిని రాముని యెదుట నిలిపి, ఆ పని నీవేల చేసితివని యడిగించెను. రాజు రాజే, దేవుడు దేవుడే. ఐనను అడుగువారొకరు కలరు. అందుచేతనే ఆ కరుణము మనలను శుద్ధిచేయును. 1941 నాటి యా మెక్సికో యింటిలో తల్లి కలదు, దేవి పటము కలదు, కన్నీరు కలదు. వాసంతి లేదు. కన్నీరు కారణమును కడిగివేసినది. తండ్రి పీఠము తడియారకముందే మరల శుభ్రమైనది.

ఈ లోపము ఇంటితో ఆగదు. ఇంటిలో తండ్రికి ఏ రక్షణ దొరకినదో, సంఘమున ధనికునకును ఆ రక్షణయే దొరకును. 1948లో ఇస్మాయేల్ రోద్రీగెస్ తీసిన 'నోసోత్రోస్ లోస్ పోబ్రెస్', 'ఉస్తేదెస్ లోస్ రికోస్' అను జంట చిత్రములు ఆ దేశమున నేటికిని జనులు మరలమరల చూచునవి. పేదలమగు మేము, ధనికులగు మీరు అని ఆ పేరుల యర్థము. కథానాయకుడు వడ్రంగి, పేరు పేపే. హోసే యను పేరునకు అది ముద్దుపేరు. వడ్రంగియగు హోసే యనగా కన్యమాత భర్తయగు యోసేపు క్రైస్తవులకు తలపునకు రాక మానడు. ఆ పాత్రను ధరించిన పెద్రో ఇన్ఫాంతే పాటకును, నవ్వునకును లోకము కరగిపోయినది. చేయని హత్య యతనిమీద పడును, చెఱసాల పాలగును, ఇంట నున్నవారు చెప్పరాని కష్టములు పడుదురు. రెండవ చిత్రములో అతని పసిబిడ్డ యగ్నికి ఆహుతియగును. చివరకు ధనికురాలగు నొక వృద్ధురాలు ఆ పేదల లోగిలికి వచ్చి తన్నును వారిలో చేర్చుకొమ్మని ప్రాధేయపడును; వారు చేర్చుకొందురు.

ఆ లోగిలిలోని ఒకే కుళాయి, ఒకరి పండుగ కందఱును కూడుట, ఒకరి చావున కందఱును ఏడ్చుట దర్శకుడు ప్రేమతో చిత్రించెను. దారిద్ర్యమును అసహ్యించుకొనకుండ పేదవానిని చూపిన గౌరవము ఈ చిత్రములకు దక్కవలెను. కాని ధనికురాలు పేదలయొద్దకు వచ్చి ప్రేమ కావలెననుటతో లెక్క సరిపోయినట్లు చిత్రము ముగించినది. పేదవాని సొమ్ము ప్రేమయట, ధనికుని లేమి ప్రేమలేమియట. అట్లయిన పేదవానికి లోటేమున్నది? నిరపరాధిని చెఱలో వైచిన న్యాయస్థానము మాటయేమి? బాధపడినవాడు పవిత్రుడగునని విశ్వసించుట వేఱు. పవిత్రుడగుటకై యతడు బాధపడుచుండవలెనని సంఘము కోరుట వేఱు. ఈ రెంటికి నడుమనున్న గీతను ఆ చిత్రములు చెఱిపివేసినవి.

ఆ సంవత్సరమే, 1948లో, హోసేలీతో రోద్రీగెస్ 'ఆంహెలీతోస్ నెగ్రోస్' అను చిత్రమును తీసెను. 'నల్లని చిన్ని దేవదూతలు' అని యర్థము. వెనెజువేలా కవి ఆంద్రేస్ ఎలోయ్ బ్లాంకో వ్రాసిన పద్యము పాటగా దీనిలో చేరినది. గుడి గోడలమీద దేవదూతలను చిత్రించువాడు నల్లని దేవదూతను ఏల చిత్రింపడని ఆ పాట యడుగును. మతమును, సంఘమును ఒక్క ప్రశ్నలో నిలిపిన ఇట్టి విషయము మఱెచ్చటను మాకు కనబడలేదు.

కథ యిది. ఆనా లూయిసా యను తెల్లని విద్యావతి ఒక గాయకుని పెండ్లాడును. ఆ గాయకుడు పెద్రో ఇన్ఫాంతే. వారికి నల్లని ఛాయగల ఆడుబిడ్డ పుట్టును. భర్త రక్తమే దీనికి కారణమని యామె భర్తను నిందించి బిడ్డను దగ్గఱకు రానీయదు. చిన్ననాటినుండి తన్ను పెంచిన నల్లని దాది మెర్సే తన కన్నతల్లియని ఆమె యెఱుగదు. భర్త యెఱుగును, పురోహితుడును ఎఱుగును. ఆమె మనసు విఱుగునని యందఱును దాచుదురు. భర్త తనది కాని నింద మోయును. కడకు ఆనా లూయిసా త్రోయగా మెర్సే మేడమెట్లపైనుండి పడి మరణించును. అప్పుడు సత్యము బయటపడును. కుమార్తె పశ్చాత్తాపపడి తల్లి క్షమను వేడును.

వర్ణద్వేషమును పాపమని యింత సూటిగా చెప్పిన కుటుంబచిత్రము ఆ కాలమున అరుదు. బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొని తండ్రి పాడు ఘట్టమున మా మనస్సు కరగినది. కాని ఆ కరుణను కూడ విచారింపుడు. సత్యమెఱిగిన మతాచార్యుడు మౌనము వహించెను. ఆ మౌనము ఎవరి సుఖముకొఱకు? తెల్లని కుమార్తె సుఖముకొఱకు. నల్లని తల్లి తన బిడ్డకు తాను దాసియై బ్రతికెను. మరణించిగాని తల్లి కాలేదు. క్షమ ద్వేషించిన యామెకు లభించెను. మృత్యువు ద్వేషింపబడిన యామెకు లభించెను. ఇది దైవన్యాయమని చెప్పి చిత్రము మనలను పంపివేయును.

ఇంతకంటె గొప్ప వైరుధ్యము తెర వెనుక నున్నది. మెర్సే పాత్రను ధరించినది క్యూబా దేశపు ప్రఖ్యాత గాయని రీటా మోంతానేర్. ఆమె మిశ్రమవంశమున పుట్టినది. ఐనను ఆమె ఛాయ చాలదని ముఖమునకు నలుపు పూసిరి. చిన్నబిడ్డ పాత్రను దర్శకుని సొంత కుమార్తె తితీనా రోమాయ్ ధరించినది. ఆ బిడ్డకును నలుపు పూసిరి. నల్లని దేవదూత నేల చిత్రింపవని చిత్రకారుని నిలదీసిన చిత్రమునకు నల్లని బిడ్డ యొక్కతె దొరకలేదు. దర్శకుని యుద్దేశము మంచిదని మేము నమ్ముదుము. ఆతడే 1970లో ఈ కథను మరల తీసినపుడు దాది పాత్రకు జువానీటా మూర్ అను నల్లజాతి అమెరికా నటిని పిలిపించెను. కాని ఉద్దేశము మంచిదైనంత మాత్రమున చూపు మాఱదు. ఆఫ్రికా సంతతివారిని మెక్సికో రాజ్యాంగము 2019లో గుర్తించినది. 2020 జనాభా లెక్కలలో ఇరువదియైదు లక్షలకు పైబడినవారు, అనగా నూటికి ఇద్దఱు, తాము ఆ సంతతివారమని చెప్పుకొనిరి. 1948లోను వారు దేశమున లేకపోలేదు, అద్దములో లేరు.

ఇక ఇంటి మాటకు మరల వత్తము. 1950లో హూలియాన్ సోలేర్ తీసిన 'అసాఆరెస్ పారా తూ బోదా' అను చిత్రమున తండ్రి మరల ఫెర్నాండో సోలేరే, తల్లి మరల సారా గార్సియాయే. మార్గా లోపెస్ ధరించిన పాత్ర పెద్దకూతురిది. ఆమె ప్రేమించిన యువకుడు మతవిశ్వాసము లేనివాడు. తండ్రి ఒప్పుకొనడు. కూతురు తండ్రి మాటను మీఱదు. తోబుట్టువులు ఒక్కొక్కరు తమ త్రోవను పోగా, ఆమె ఆ యింటి సేవలోనే తల నెఱయును. 'నీ పెండ్లికి నారింజపూలు' అని చిత్రము పేరు. ఆ దేశపు పెండ్లికూతుండ్రు ధరించు ఆ పూలు ఈమెకు రానేలేదు. ఒక ప్రాణము ఇంచుకించుకగా ఎండిపోవుటను ఈ చిత్రము చక్కగా చూపినది. కాని దానిని చూచు కంటిలో కోపము లేదు. త్యాగమని పేరుపెట్టి దండవేసినది. ఆ త్యాగమును దేవుడు కోరెనా, తండ్రి కోరెనా యను ప్రశ్న ఇచటను లేవలేదు.

ఇట్టి చిత్రముల నడుమ 1949లో వెలువడినది అలెహాండ్రో గాలిండో తీసిన 'ఊనా ఫమీలియా దే తాంతాస్'. 'పెక్కు కుటుంబములలో నొకటి' అని దాని పేరు. ఆ పేరులోనే దాని ధైర్యమున్నది. ఈ తండ్రి రాక్షసుడు కాడు, మీ పొరుగింటివాడే యని చెప్పుచున్నది. ఆశ్చర్యమేమన, ఇచటను తండ్రి ఫెర్నాండో సోలేరే. అదే కనుబొమల ముడి, అదే కంఠము. కాని 1941లో ఏ గాంభీర్యమును చూచి మనము తలవంచితిమో, ఆ గాంభీర్యమే యిచట భయమును పుట్టించును. నటుడు మాఱలేదు, కెమెరా నిలిచిన చోటు మాఱినది. ఇది తండ్రి కుర్చీనుండి చూచిన యిల్లు కాదు; పిల్లల గదినుండి చూచిన యిల్లు.

తండ్రి రోద్రీగో కతాన్యో క్రమశిక్షణాపరుడు, లెక్కలు తప్పనివాడు. చెడ్డవాడని యెవరును చెప్పలేరు. కొమార్తె మారూ పదునైదవయేట అడుగిడును. ఆ దేశాచారము ననుసరించి వేడుక జరుగును. ఆమెకు వరుడు తండ్రి యెంచిన బంధువు. అక్క ఎస్తేలా యువకునితో చనువుగా నుండుట కనిపెట్టి తండ్రి యామెను కొట్టును. ఆమె యిల్లు విడిచి పోవును. ఆ యింటి తలుపు తట్టి యొకనాడు రొబెర్తో అను యువకుడు వచ్చును. అతడు దుమ్ము పీల్చు యంత్రము నమ్మువాడు. ఆ యింటిలో ఎన్నడును కదలని తివాసీల దుమ్ము నా యంత్రము పీల్చును. తరువాత రిఫ్రిజిరేటరును వచ్చును. అతడు మారూతో మాటలాడుతీరు ఆ యింట నెవరును ఎఱుగని తీరు: ఆమె అభిప్రాయ మడుగును.

ఈ చిత్రమున మాకు ముఖ్యముగా తోచినది తుదిఘట్టము. మారూ దొంగతనముగా పాఱిపోదు. దేవుని ధిక్కరింపదు. తెల్లని పెండ్లివస్త్రములు ధరించి, తండ్రి దీవెన కోరి, అది లభింపకున్నను, ఆ యింటి ముఖద్వారముననే వెడలిపోవును. ఇచట విశ్వాసమును, పితృశాసనమును మొదటిసారిగా విడివడినవి. తండ్రి దీవింపకున్నను ఆమె పెండ్లి పాపము కాదని చిత్రము పలికినది. తల్లి పేరు గ్రాసియా, అనగా అనుగ్రహము. ఆ చిత్రమంతయు భర్త మాటకు నీడవలె మసలిన యీ యిల్లాలు చివర కూతురి పక్షమును వహించును. లుపీత దేవునియొద్ద మొఱపెట్టుకొన్నది. గ్రాసియా మనిషియొద్ద నిలిచినది. మేము వెదకిన వాసంతి యిక్కడ కనబడినది. ఈ చిత్రము మెక్సికో చలనచిత్ర పరిషత్తు ఇచ్చు ఆరియేల్ బహుమానమును ఉత్తమచిత్రముగా నందుకొనుట ఆ పరిషత్తునకే గౌరవము.

దీనిలో లోపములు లేవా? కలవు. స్వాతంత్ర్యము ఆ యింటికి సరకు రూపమున, ఆంగ్లపు పేరుగల యంత్రముతో వచ్చినది. నెలసరి వాయిదాలమీద కొన్న వస్తువు మనుష్యుని మాఱ్చునన్న యాశ అంత నమ్మదగినది కాదు. తండ్రి యింటినుండి వెడలిన బాలిక భర్త యింటికే పోయినది. తన కాళ్లమీద తాను నిలుచు మార్గము ఆమెకు చూపబడలేదు. ఐనను ఒక చిత్రము ఒక తలుపును తెఱచిన చాలును. వీథియంతయు నదియే వేయవలెనని మేము కోరము. తెఱచిన తలుపు తెఱచియే యుండునన్న నిశ్చయమును లేదు. పైని చెప్పిన నారింజపూల చిత్రము దీని మఱుసటియేడే, ఆ తండ్రి నటునితోనే వెలువడినదని జ్ఞాపకముంచుకొనవలెను.

మా విమర్శకు ఒక యాక్షేపణ కలదు. "మీరు చెప్పునది తర్కము. ఆ చిత్రములు చూచినవారు కూలివారు, కుట్టుపనివారు, బిడ్డల బోగొట్టుకొన్న తల్లులు. వారికి కావలసినది ఊరట. తెరమీది తల్లి కన్నీరు తమ కన్నీటిని గుర్తించినదన్న తృప్తిని మీరేల కాదనవలెను?" అని కొందఱందురు. ఈ మాటలో సత్యమున్నది. మూగగా బాధపడువానికి తన బాధ కనబడినదనుటయే పెద్ద యూరట. అందుచేతనే సారా గార్సియాను ఆ జనులు తమ యవ్వగా తలచిరి. కాని ఊరటకును, మందునకును భేదము కలదు. జ్వరమున్నవాని నొసట తడిగుడ్డ వేయుట దయ. ఆ గుడ్డను చూపి, జ్వరము దేవుని ప్రసాదము గనుక వైద్యుని పిలువవలదనుట దయ కాదు. 1949 చిత్రమును చూచిన తల్లులును ఏడ్చియుందురు. ఆ యేడ్పు ముగిసినపిమ్మట వారికి చేయదగిన పని యొకటి కనబడియుండును.

భక్తిని తీసివేసిన కుటుంబచిత్రములు రావలెనని మేము చెప్పుటలేదు. తెపెయాక్ కొండమీద సామాన్యునికి భాష యిచ్చిన దేవి, గ్వాదలూపే అను తల్లికి మాత్రము మౌనమునే ఇచ్చునా? ఇయ్యదు. ఆ మౌనమును ఇచ్చినది యజమాని. దేవి పేర ఇచ్చెను. భక్తిని ఆ పేరునుండి విడిపించుటయే భక్తికి సేవ. ఈ పని మెక్సికో దర్శకులలో కొందఱు చేసిరి, పలువురు చేయలేదు. చేయనివారి చిత్రములను కూడ మనము చూడవలెను. కాని కన్నులు తుడుచుకొన్న పిదప, ఈ కన్నీటికి కారణమెవరని యొకమాఱు అడుగవలెను.

ఆ ప్రశ్నను గృహయజమానియగు ప్రతివాడును, మేమును, తన యింటిలోనే మొదలిడుట న్యాయము. మా కుమార్తెకు బదులు చెప్పుటకు మాకు నాలుగు దినములు పట్టినది. వేడుకోవలసినది అమ్మ కాదనియు, తీర్పు చెప్పిన తండ్రియే మొదట కుర్చీనుండి లేవవలెననియు చెప్పితిమి. "మరి మీరు లేస్తారా?" అని యామె యడిగినది. లేచుటకు ప్రయత్నింతుమని మాత్రము మాట యిచ్చితిమి.